రెండంగుళాల తెరలో నలభై పాఠాలు

నాకు కంప్యూటర్ రాదన్న సంగతి మా ఆఫీసు వాళ్ళకి నేను చేరిన రోజే తెలిసిపోయింది. అమ్మడం వచ్చన్న సంగతి తెలియడానికి నెల పట్టింది. ఆ నెల రోజులూ నన్ను ఎందుకు పెట్టుకున్నాడో మా యజమానికే గుర్తు లేనట్టుండేది.

గుడివాడ మెయిన్ రోడ్డులో మాది కిరాణా కొట్టు. ఎడమ పక్కది మా బాబాయి ఇత్తడి సామాన్ల కొట్టు, కుడి పక్కది మేనమామ బట్టల కొట్టు. నేను నడక నేర్చుకున్నది మూడు గల్లాపెట్టెల మధ్య. బేరం ఆడకుండా ఏదైనా కొంటే నాకు ఒంట్లో బాగుండదు. ఢిల్లీ వచ్చాక కూడా కరోల్ బాగ్ వెళ్తే ‘ఒకే ధర’ అని బోర్డు పెట్టిన షాపులోకే ముందు దూరేవాణ్ణి. మా ఆవిడ నాకూ తనకూ సంబంధం లేనట్టు బయట గాజుల బండి దగ్గర నిలబడేది.

ఇంత ఉపోద్ఘాతం ఎందుకంటే, ఈ మధ్యే ఉద్యోగాల్లో చేరిన పిల్లలు కొందరు మా అపార్టుమెంటు పార్కులో నన్ను పట్టుకుని, “అంకుల్, మీ కెరీర్‌లో పెద్ద సక్సెస్ ఏంటి?” అని అడుగుతుంటారు. సక్సెస్‌ల గురించి నేను చెప్పేవన్నీ మొదట చెప్పిన ధరల్లాంటివి. సగం తగ్గించి వినాలి. తగ్గించడానికి వీల్లేనిది ఒక్కటే ఉంది. అది సక్సెస్ కాదు.

రెండు వేల ఎనిమిదో, తొమ్మిదో. నోయిడాలో ఒక ఫ్యాక్టరీ పైఅంతస్తులో మా ఆఫీసు. పదకొండు మందిమి. కింద ప్లాస్టిక్ బకెట్లు తయారయ్యేవి, పైన మా సాఫ్ట్‌వేర్ తయారయ్యేది. ఇంటర్నెట్‌లో చూస్తున్న వీడియోని కంప్యూటర్‌లోకి దించుకుని, జేబులో పట్టే చిన్న ప్లేయర్‌లో ఆడేట్టు మార్చుకోవడానికి పనికొచ్చే సాఫ్ట్‌వేర్ అది. ఇప్పటి పిల్లలకి ఇది ఎందుకో కూడా అర్థం కాదు. అప్పట్లో నాలుగు నిమిషాల వీడియో చూడాలంటే నలభై నిమిషాలు ఆగాగి చూడాలి. అందుకని జనం ఎక్కడ దొరికితే అక్కడ దించుకుని, ప్లేయర్‌లో పోసుకుని, బస్సుల్లో చూసుకునేవారు. ఒక్కో ప్లేయర్‌కి ఒక్కో రకం ఫైలు కావాలి. ఆ మార్పిడే మా వ్యాపారం.

అమ్మకాలూ నావే, కొన్నవాళ్ళ గోడు వినడమూ నాదే. ఎక్కువగా వచ్చే గోడు ఒకటుండేది: “మీ సాఫ్ట్‌వేర్ వేశాక నా కంప్యూటర్ నిండిపోయింది.” నిజమే. దించిన అసలు వీడియో ఒకటి, మార్చిన చిన్న వీడియో ఒకటి, రెండూ అక్కడే పడుండేవి.

మా నాన్న కొట్లో ఒక పద్ధతుంది. బస్తాలోని కందిపప్పు డబ్బాలోకి పోసిన మరుక్షణం ఖాళీ గోతం దులిపి, మడిచి, వెనక గదిలో పడేయాలి. కొట్లో కనబడకూడదు. ఉంటే చోటు దండగ, ఎలకలు చేరతాయి. పైగా గోతం మీద ముద్ర చూసి, సరుకు ఎక్కడ కొన్నామో పక్క కొట్టువాడు పసిగడతాడు. ఆ పద్ధతినే నేను మీటింగులో ప్రవేశపెట్టాను. మార్చడం అయిపోగానే అసలు వీడియోని సాఫ్ట్‌వేరే తుడిచేయాలి అన్నాను.

మా ప్రోగ్రామర్ కాన్పూర్ మనిషి. సన్నగా, ఎప్పుడూ జలుబుతో ఉండేవాడు. “సర్, ఒరిజినల్ తో ఒరిజినల్ హోతా హై” అన్నాడు. ఒరిజినల్ ఒరిజినలే కదా అని.

“గోతాన్ని ఎవడైనా వండుకు తింటాడా భయ్యా?” అన్నాను నేను.

“గోతం కాదు సర్. మీరు పారేయమంటున్నది బియ్యం. దాచమంటున్నది అన్నం.”

ఆ మాట అప్పుడు నాకు చమత్కారంగా అనిపించింది, అంతే. ఐదు రోజులు వాదించుకున్నాం. చివరికి బేరం కుదిరింది. ‘మార్చిన తరవాత అసలు ఫైలు తొలగించు’ అని ఒక గడి ఉంటుంది. వద్దనుకున్నవాళ్ళు టిక్కు తీసేసుకోవచ్చు. కానీ టిక్కు ముందే పెట్టి ఉంటుంది. గడి పెట్టించుకున్నందుకు తను గెలిచాననుకున్నాడు అతను. గడి వైపు ఎవడూ చూడడని నాకు తెలుసు కాబట్టి గెలిచింది నేనని నాకు తెలుసు. ఇంకో సంగతి కూడా నేనే సాధించాను. బొమ్మని బాగా కుదించి, ‘మీ ప్లేయర్‌లో రెట్టింపు వీడియోలు’ అని అట్ట మీద అచ్చు వేయించాను. గోడు తగ్గింది. అమ్మకాలు పెరిగాయి. ఆ ఏడాది దీపావళికి నాకిచ్చిన మిఠాయి డబ్బా అందరిదానికంటే పెద్దది.

ఆ తరవాత ఒక శుక్రవారం సాయంత్రం నాలుగింటికి మా టెస్టింగ్ అమ్మాయి ఒకాయన్ని నా బల్ల దగ్గరికి తీసుకొచ్చింది. ఆ అమ్మాయిది మా ఇందిరాపురం అపార్టుమెంటే. తల్లిదండ్రులది నెల్లూరు. తను పుట్టిందీ పెరిగిందీ ఇక్కడే. తెలుగులో అడిగితే హిందీలో జవాబిచ్చేది.

“అంకుల్, యే ఆప్‌కే గావ్ కే హై” అంది. తెలుగువాళ్ళందరిదీ ఒకే ఊరని ఆమె లెక్క.

ఆయన కంటోన్మెంట్‌లో ఉండే హవల్దార్. మామూలు బట్టల్లోనే వచ్చాడు కానీ బూట్లు చూస్తే తెలిసిపోతుంది. “దండాలు సార్. మాది పలాస దగ్గిర” అని, కుర్చీ చూపించినా కూర్చోకుండా, జేబులోంచి రుమాలులో చుట్టిన ప్లేయర్ తీశాడు.

“మా పాపకి చెవులు వినపడవు సార్. పుట్టుకతోటే. తొమ్మిదేళ్ళు. ఇక్కడ స్పెషల్ బడిలో ఏసినాం. పెదాలు చూసి మాట పోల్చడం నేర్పతారు. బాగా నేర్చింది. కానీ అంతా హిందీయే సార్.”

“మంచిదే కదా.”

“ఇంటికొస్తే వాళ్ళమ్మకి తెలుగు తప్ప రాదు. ఆవిడేటంటందో పిల్లకి తెలీదు.”

“మీ ఆవిణ్ణే హిందీ నేర్చుకోమనకపోయారా?” అన్నాను. తెలివైన సలహా ఇచ్చాననుకున్నాను.

“నేర్చుకుంటంది సార్. కూరలోడితో మాటాడేటంత వచ్చింది. కూతురితో మాటాడేటంత రాలేదు.”

నేను ప్లేయర్ అందుకుని తిప్పి చూస్తున్నాను. ఎక్కడ కొన్నారో, ఎంత పోశారో అంచనా కడుతున్నాను. చెయ్యి ఊరుకోదు.

ఆయన చెప్పుకుపోతున్నాడు. విజయనగరంలో ఒక రిటైరైన టీచరమ్మ ఉంది. చెవిటి పిల్లలకి తెలుగు నేర్పడమే ఆవిడ జీవితమంతా చేసిన పని. మేనల్లుడు కెమెరా పెట్టి నలభై పాఠాలు తీసి ఒక వీడియో వెబ్‌సైట్‌లో పెట్టాడు. కావలసినవాళ్ళు దించుకోండని ఆవిడే చెప్పింది. తెర నిండా ఆవిడ మొహమే ఉంటుంది. పాలు, బాలు, మాలు అంటే పెదాలు ఒకలాగే కదులుతాయట. తేడా బుగ్గలోనూ గొంతులోనూ ఉంటుందట. ఆవిడ ఒక్కో మాటా పదిసార్లు చెప్పి, బుగ్గ మీద వేలు పెట్టి చూపిస్తుంది.

“ఆ మేడంకి మొన్న వేసంగిలో పక్షవాతమొచ్చింది సార్. మూతి ఒక పక్కకెళిపోయింది. ఇంక కొత్తవి చెయ్యలేదు. ఉన్నవే ఉన్నాయి.”

ఆయనకి సరిహద్దుకి పోస్టింగ్ వచ్చింది. వచ్చే బుధవారం వెళ్ళిపోవాలి. తల్లీ కూతుళ్ళు ఇక్కడి క్వార్టర్‌లోనే ఉంటారు. ఇంట్లో కంప్యూటర్ లేదు. అందుకని పక్క క్వార్టర్‌లో సుబేదార్ గారి కంప్యూటర్‌లో మా సాఫ్ట్‌వేర్ వేసుకుని, నెల రోజులు కూర్చుని నలభై పాఠాలూ దించి, ప్లేయర్‌లోకి మార్చాడు. తను లేనప్పుడు పిల్ల రోజూ చూసుకుంటుందని. ప్లేయర్‌తో పాటు టీవీకి తగిలించే తీగ కూడా కొన్నాడు.

“నిన్న టీవీకి తగిలించినాం సార్. మేడం మొహం అంతా గళ్ళు గళ్ళు. పెదాలెక్కడో బుగ్గలెక్కడో తెలీటం లేదు. ఈ చిన్న తెర మీద చూద్దామంటే మొహమే నా బొటనేలంత. పెద్దవి మళ్ళీ తీసుకుందామని చూస్తే కంప్యూటర్‌లో ఒక్కటీ లేదు. నానేటి తప్పు చేసినాను సార్?”

ఏ తప్పూ చేయలేదు. గడిలో టిక్కు తీయలేదు.

ప్రోగ్రామర్‌ని పక్కకి పిలిచి అడిగాను. అతను నా మొహం వైపు చూడకుండా చెప్పాడు. “సుబేదార్ ఇంట్లో పిల్లలెవరైనా ఆ కంప్యూటర్‌లో ఆటలు నింపేసి ఉంటే పాతవి తిరిగి రావు. వెబ్‌సైట్ నుంచే మళ్ళీ దించాలి. మన ఆఫీసు లైను మీద అయితే మూడు నాలుగు గంటల పని. డిస్కులో వేసిచ్చేస్తాను. డీవీడీలో పెట్టుకుంటే టీవీలో శుభ్రంగా కనిపిస్తుంది. ఇప్పుడే మొదలు పెట్టనా?”

ఇక్కడ మా నాన్న కొట్లోని ఇంకో పద్ధతి చెప్పాలి. ఫిర్యాదుతో వచ్చినవాడి పని మొదటిసారి చేసి పెట్టకూడదు. రేపు రమ్మనాలి. సగం మంది రారు. వచ్చినవాడు మెత్తబడి వస్తాడు. చేతికేమిస్తే అది పుచ్చుకుని, ఇంకోటి కూడా కొనుక్కుని వెళ్తాడు. నా దగ్గర కొత్త వెర్షన్ సిద్ధంగా ఉంది. టీవీకి సరిపడా పెద్ద బొమ్మ వచ్చే రకం. ఆయన చేత అది కొనిపించి, పాఠాలు దించివ్వడం నా ఉదారత కింద జమ కట్టుకోవచ్చు. ఈ ఆలోచన నాకు రావడానికి రెప్పపాటు కూడా పట్టలేదు. ఇన్నేళ్ళ అభ్యాసం మరి.

“సోమవారం రండి. చూద్దాం” అన్నాను.

“నెలాఖరుకి ఆ వెబ్‌సైట్ మూసేస్తన్నారట సార్. రాసి పెట్టినారు.”

“నెలాఖరే కదా, బోలెడు టైముంది లెండి.”

ఆ రోజు తారీకు ఇరవై తొమ్మిది. అది నాకు తెలియక కాదు. మా కొట్లో నెలాఖరు అంటే వచ్చే నెల ఐదో తారీకు. జీతాలందే దాకా నెల అవ్వదు. నెలాఖరుకి ఇస్తానన్నవాడు ముప్ఫయ్యో తారీకున ఇచ్చిన దాఖలా నేను చూడలేదు. మూసేస్తామన్నవాడు మాత్రం ఆ రోజే మూస్తాడని నా బుర్రకి తట్టలేదు. మనుషుల మాటలతో పెరిగినవాణ్ణి, యంత్రాలు చెప్పిన తేదీకే పని చేస్తాయన్నది నాకు అలవాటు లేదు.

ఆయన సెల్యూట్ చేయబోయి, ఆగి, నమస్కారం పెట్టి వెళ్ళాడు.

ఆరింటికి బెంగుళూరు డీలరుకి మా కొత్త వెర్షన్ పంపుతున్నాను. పావుగంటయినా, ఎంత వెళ్ళిందో చూపించే గీత కదలదు. లేచి గట్టిగా అరిచాను. “ఎవరండీ లైనంతా మింగేస్తున్నది?”

టెస్టింగ్ అమ్మాయి లేచి నిలబడింది. “అంకుల్, వో... మై...”

“ఆఫీసులో అంకులేమిటి? సినిమాలు ఇంటికెళ్ళి దించుకో. ఆపు ముందు.”

ఆమె ఇంకేదో అనబోయి, నన్ను చూసి, కూర్చుని ఆపేసింది. నా గీత కదిలింది. సంతోషంగా ఇంటికెళ్ళాను. ఆ శనాదివారాలు ఏం చేశానో కూడా గుర్తుంది. పరదా బట్ట కోసం మూడు షాపులు తిరిగి, గజానికి మంచి ధర సాధించాను.

సోమవారం పదింటికి వాళ్ళు ముగ్గురూ వచ్చారు. భార్య పచ్చటి నూలు చీరలో, పిల్ల బడి యూనిఫారంలో. పిల్ల గదిలోకి వస్తూనే అందరి నోళ్ళూ వరసగా చూసుకుంటూ వచ్చింది. మనం బల్లల మీద ఏముందో చూసినట్టు.

ప్రోగ్రామర్ వెబ్‌సైట్ తెరిచాడు. తెల్లటి పేజీ మీద ఒకే వాక్యం: ఇన్నాళ్ళూ మాతో ఉన్నందుకు కృతజ్ఞతలు. ఇంకో దారిలో తెరిచాడు. అదే వాక్యం. జలుబు చీదుకుని మళ్ళీ తెరిచాడు. కృతజ్ఞతలు.

అప్పుడు నాలో చురుకు పుట్టింది. అలాంటప్పుడు నాకు చాలా చురుకు పుడుతుంది. విజయనగరం ఫోన్ చేయించాను. టీచరమ్మ కోడలు ఎత్తింది. మేనల్లుడు వెబ్‌సైట్‌లో ఉన్నాయి కదా అని కెమెరాలోవి చెరిపేసి, ఎవరిదో పెళ్ళి తీశాడట. అతను కూడా గోతం దులిపేశాడన్నమాట. సుబేదార్ ఇంటికి ఫోన్ చేశాం. కంప్యూటర్ నిండా కొడుకు ఆడే కార్ల పందాల ఆటలు. ఫోన్ పెట్టేశాక చేయడానికి ఇంకేమీ మిగలక, నేను జీవితంలో ఎన్నడూ చేయని పని చేశాను. అడక్కుండా ఉచితంగా ఇవ్వజూపాను.

“హవల్దార్ గారూ, మా కొత్త వెర్షన్ ఫ్రీగా తీసుకెళ్ళండి. దాన్లో బొమ్మ పెద్దగా వస్తుంది.”

“దాంతో ఏటి చేసుకుంటాం సార్?” అన్నాడాయన, నెమ్మదిగానే. “మార్చడానికి ఏటుంది?”

కోపం తెచ్చుకుని ఉంటే నేను నిలబడగలిగేవాణ్ణి. కోపంతో బేరమాడటం నాకొచ్చు.

అప్పుడు టెస్టింగ్ అమ్మాయి తన సొరుగులోంచి ఒక డిస్కు తెచ్చి హవల్దార్ భార్య చేతిలో పెట్టింది. “ఆంటీ, సాత్ హై. సిర్ఫ్ సాత్” అంది. ఆవిడకి అర్థం కాలేదేమోనని, వేళ్ళు చూపించి, బహుశా ఆఫీసులో మొదటిసారి, తెలుగులో చెప్పింది. “ఏడు. శుక్రవారం నేను... ఏడే వచ్చాయి.”

మిగతా ముప్ఫై మూడూ ఎందుకు రాలేదో ఆమె చెప్పలేదు. నా వైపు చూడను కూడా చూడలేదు. చూసి ఉంటే బాగుండేది. సాయంత్రం ఆరింటికి ఏడో పాఠం అయ్యి ఎనిమిదోది దిగుతున్నదన్నమాట, నేను లేచి అరిచినప్పుడు.

తరవాతి కథ పొట్టిది. మర్నాడు పొద్దున్నే ప్రోగ్రామర్ దగ్గరికెళ్ళి ఆ గడిలో టిక్కు తీసేయమన్నాను. ఐదు రోజులు వాదించి పెట్టించిన టిక్కు తీయడానికి అతనికి ఒక నిమిషం పట్టింది. కొన్నవాళ్ళెవరూ ఆ తేడా గమనించలేదు. రెండు మూడేళ్ళకి ఫోన్లే అన్నీ ఆడించడం మొదలెట్టాయి. మా ప్లేయర్లూ, మా సాఫ్ట్‌వేరూ, కింద బకెట్ల ఫ్యాక్టరీతో సహా మాయమయ్యాయి. టెస్టింగ్ అమ్మాయి వేరే కంపెనీకి వెళ్ళింది. అపార్టుమెంటు లిఫ్టులో కనిపిస్తే నమస్తే అంకుల్ అంటుంది. నేను ఏ అంతస్తని అడుగుతాను, తెలిసినా.

హవల్దార్ బుధవారం వెళ్ళిపోయి ఉంటాడు. ఆ కుటుంబం మళ్ళీ కనబడలేదు. ఒకసారి కంటోన్మెంట్ వైపు పని పడి వెళ్ళి, గేటు దాకా నడిచి, లోపలికి ఎవరి కోసమంటే ఏం చెప్పాలో తేలక తిరిగి వచ్చాను. అడగాలనుకున్నది ఒక్కటే: ఆ ఏడు పాఠాల్లో ఏ మాటలున్నాయని. ఏడు పాఠాలతో తల్లి ఏం చెప్పగలదు? అన్నం, నీళ్ళు, రా, పో. ఆ పైన చెప్పాల్సినవన్నీ ఎనిమిదో పాఠం నుంచి ఉండి ఉంటాయని నాకెప్పుడూ అనిపిస్తుంది.

ఇక్కడితో ఆపేయొచ్చు. కానీ ఆ సోమవారం సంగతి ఒకటి దాటేశాను. ఎవరికి చెప్పినా దాన్ని దాటేసే చెబుతాను. ఇప్పుడు రాస్తున్నాను కాబట్టి, రాసేటప్పుడు ఎదురుగా ఎవరి మొహమూ ఉండదు కాబట్టి, రాస్తాను.

డిస్కు చేతిలోకి వచ్చాక హవల్దార్ నన్ను అడిగాడు. “మిగతావి ఇంక ఎక్కడా దొరకవా సార్?”

కొట్లో మాకు ఇంకో అలవాటు. కష్టమైన మాట చెప్పాల్సి వస్తే మొహం పక్కకి తిప్పి, మీసం తుడుచుకుంటున్నట్టు నోటికి చెయ్యి అడ్డం పెట్టి చెబుతాం. మిగతా గిరాకీలకి వినపడకుండా. నేను అలాగే పక్కకి తిరిగి, చెయ్యి అడ్డం పెట్టి, గోడ మీది క్యాలెండర్‌కి చెప్పినట్టు ఏదో గొణిగాను.

అప్పటిదాకా నోరు విప్పని ఆయన భార్య అంది. “సార్, అలా తిరిగిపోకండి. పాప మీ మొహమే చూస్తంది. దానికీ తెలవాలి కదా. దాని పాఠాలే.”

తిరిగాను. పిల్ల నిజంగానే నా నోటి వైపే చూస్తోంది. తల కొంచెం పైకెత్తి, కనురెప్ప వేయకుండా. నా జన్మలో అంత శ్రద్ధగా నా మాట కోసం ఎదురుచూసిన గిరాకీ లేదు.

“లేవమ్మా” అన్నాను.

పిల్ల నుదురు ముడిచింది. నేనన్నది తెలుగులో, హిందీలో కాదు. అందలేదు. వాళ్ళమ్మ తన నోటి దగ్గర వేళ్ళు విప్పి చూపించింది, నాకే. పెద్దగా, నెమ్మదిగా చెప్పమని. నేను మీసాలు పైకి తోసుకుని, ఆ టీచరమ్మ ఎలా చెప్పేదో ఊహించుకుంటూ, ఒక్కో అక్షరం పెదాల మీద నిలబెట్టి, మళ్ళీ చెప్పాను.

“లే... వు.”

పిల్ల నా పెదాల్ని చూస్తూనే, తన పెదాలతో చప్పుడు లేకుండా ఆ మాటని అనుకుని చూసుకుంది. ఆ తరవాత వాళ్ళమ్మ వైపు తిరిగింది. పూడుకుపోయినట్టుండే గొంతుతో, తెలుగులో, పైకి అంది.

“లేవు?”

వాళ్ళమ్మ అవునన్నట్టు తలాడించింది. పిల్ల తెలుగులో పోల్చుకున్న మాట అది, నా నోటి నుంచి. తల్లి ఆమె జుట్టు సరిచేసింది. హవల్దార్ ప్లేయర్‌ని రుమాలులో మళ్ళీ చుట్టాడు, నాలుగు మూలలూ సమానంగా వచ్చేట్టు.